మా హాలా, మన హాలా?

కొత్త తాళం చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఇనప సామాన్ల కొట్లో వేలాడుతున్నా సరే, ఆ సాయంత్రమే గుర్తొస్తుంది. టాటానగర్‌లో పర్సుడీహ్ బజారు వెనక నాటకాల హాలు, దాని గేటుకి తళతళలాడే ఇత్తడి తాళం, బయట వానలో తడుస్తూ రిహార్సల్‌కి వచ్చిన పిల్లలు. నేను గొడుగు పక్కన పడేసి రెండు చేతులా గేటు పట్టుకుని ఊపుతున్నాను. లోపల్నుంచి ఎవరో కొత్త వాచ్‌మన్ వచ్చి, "అందర్ జానా మనా హై, మేడమ్" అని అడ్డుపడ్డాడు. పాపం, అతనేం చేస్తాడు, జీతగాడు. తాళం వేయించినవాడు మాత్రం ఇంట్లో కూర్చుని టీ తాగుతున్నాడు.

హాలు అంటున్నానని గొప్పగా ఊహించుకోకండి. ఇటుక గోడలు, రేకుల కప్పు, ఒక చివర నడుమెత్తు స్టేజీ. అంతే. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి టాటానగర్ రైల్వేలో పనికి వచ్చినవాళ్ళు డ్యూటీ దిగాక ఇటుకలు మోసి కట్టుకున్నారు. అగ్రికోలో క్వార్టర్లున్న మా క్రైస్తవ కుటుంబాలూ తలో చెయ్యి వేశాయి. దసరాకి రైల్వేవాళ్ళ పౌరాణిక నాటకం, క్రిస్మస్‌కి మావాళ్ళ నాటిక. రెండింటికీ హార్మోనియం ఒకటే, దాని ముందు కూర్చునేవాడూ ఒకడే. దసరాకి పద్యం ఎత్తుకున్న ఆ గొంతే క్రిస్మస్‌కి కీర్తన ఎత్తుకునేది, ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు.

ఆ హాల్లో కుర్చీలుండవు. ఎప్పుడూ లేవు. ఎవరి కుర్చీ వాళ్ళు ఇంటినుంచి తెచ్చుకోవాలి, అది మొదట్నుంచీ ఉన్న ఆనవాయితీ. సైకిలు వెనక కట్టుకుని కొందరు, రిక్షాలో పెట్టుకుని కొందరు, ఏదీ లేనివాళ్ళు చంకలో చాప పెట్టుకుని వచ్చేవారు. నా చిన్నప్పుడు ఒకసారి ముఖ్య అతిథిగా ఎవరో పెద్ద ఆఫీసరు వచ్చాడు. ఆయనకి ఈ సంగతి చెప్పడం అందరూ మర్చిపోయారు. పాపం దండ మెడలో వేసుకుని మొదటి అంకం అంతా నిలబడే చూశాడు.

కుర్చీల్లేకపోయినా తెర మాత్రం ఘనంగా ఉండేది. ఆడవాళ్ళు స్టేజీ ఎక్కకూడదన్న రోజుల్లో కుట్టిన తెర అది. అప్పట్లో ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టేవారు. వేషానికి చీరలు కావాలి, నగలు కావాలి, అవి ఇచ్చే ఆడది మాత్రం అక్కర్లేదు. ఆ ఆడవాళ్ళే తలో చీర ఇచ్చి, కలిపి కుట్టి, ఎర్రరంగులో ముంచి తెర చేశారు. మా అమ్మ తన పెళ్ళిచీర ఇచ్చింది. మా పెళ్ళిళ్ళలో తెల్లచీర కడతారు కదా, ఆ తెల్ల పట్టుకి రంగు సరిగ్గా పట్టలేదు. తెర మొత్తం ఎర్రగా ఉంటే అమ్మ చీర ఉన్న మేర మాత్రం గులాబీ రంగులో, మరకలు మరకలుగా ఉండేది. నాటకం మొదలవడానికి ముందు అమ్మ నా చెవిలో, "అదిగో, నాను స్టేజీ మీద ఉన్నాను సూడు" అనేది. ఆవిడ జన్మలో స్టేజీ ఎక్కింది ఆ విధంగానే.

నేను ఎక్కాను. నా తర్వాత మా అమ్మాయి ఎక్కింది. మా అమ్మాయి కాలేజీలో కామర్స్ చదువుతోంది. ఇంట్లో నేను తెలుగులో అడుగుతాను, తను హిందీలో జవాబు చెబుతుంది. "అన్నం తిన్నావా?" అంటే "ఖా లియా, మమ్మీ" అంటుంది. తిట్టాను, బతిమాలాను, లాభం లేకపోయింది. కానీ స్టేజీ ఎక్కితే మాత్రం తెలుగు గలగలా మాట్లాడుతుంది, పొల్లు పోనివ్వకుండా పద్యం చదువుతుంది. తనకి తెలుగు నేర్పింది నేను కాదు, ఆ హాలు. నేను స్కూల్లో టీచర్ని, ఈ మాట ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు. హాలు పోతే నా కూతురి నోట్లో తెలుగు కూడా దాంతోపాటు పోతుంది. తాళం చూసినప్పుడు గేటు పట్టుకుని ఊపింది అందుకే.

తాళం వేయించింది కమిటీ ప్రెసిడెంటు. వాళ్ళ నాన్న హాలు కట్టించినవాళ్ళలో ముందు నిలబడ్డ మనిషి, మొదటి ప్రెసిడెంటు. ఆయన పోయాక కుర్చీ కొడుక్కి వచ్చింది. ఎన్నికలంటూ జరిగి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. ఏటా సంక్షేమం, అభివృద్ధి అని మైకులో నాలుగు మాటలు చెప్పేవాడు, మేం చప్పట్లు కొట్టి పకోడీలు తిని వచ్చేవాళ్ళం. కప్పు కారుతోందని చెబితే "సూద్దాం" అనేవాడు. కారీ కారీ కప్పు పాడయ్యాక, "కప్పు పాడైపోయింది, ఇంకెందుకీ హాలు" అని అమ్మకానికి పెట్టాడు. కంచే చేను మేయడం అంటే ఇదే. ఇంట్లో నలుగురు కమిటీ మెంబర్లని కూర్చోబెట్టి సంతకాలు పెట్టించుకున్నాడు. తిలాపాపం తలా పిడికెడు. కొనేవాడు దాన్ని పడగొట్టి పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే ఏసీ హాలు కడతాడట. "పండక్కి మనకీ అద్దెకిత్తారులెండి, రేటు తగ్గించి" అని నాకు ఫోన్‌లో ఓదార్పు కూడా చెప్పాడు. మన ఇంట్లోకి మనల్ని అద్దెకి రమ్మంటున్నాడు. ఫోన్ గోడకేసి కొట్టకుండా ఎలా ఆగానో నాకే తెలీదు.

అక్కడితో ఆగినా నేను నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్నేమో. మరుసటి వారం స్టేషన్ రోడ్డులో ఆటోలో వెళ్తున్నాను. అదే కొనుగోలుదారు అక్కడ ఇంకో చోట షాపులు కట్టిస్తున్నాడు. సన్నగా వాన. సిమెంటు బస్తాలు తడవకుండా వాటిమీద ఏదో ఎర్రటి గుడ్డ కప్పారు. ఆ ఎరుపులో ఒక మూల గులాబీ రంగు, మరకలు మరకలుగా ఉంది.

ఆటో ఆపమన్నాను. డబ్బు ఇచ్చానో లేదో కూడా గుర్తులేదు. ఆటోవాడు వెనక నుంచి అరుస్తున్నాడు కాబట్టి ఇచ్చి ఉండను. వెళ్ళి ఆ గుడ్డ పట్టుకుని లాగాను. మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. "మేడమ్, మేడమ్, క్యా కర్ రహే హై? యే తో పురానా కప్డా హై!"

"కప్డా నహీ హై," అన్నాను. "మేరీ మా హై."

అతనికేం అర్థమైందో తెలీదు గానీ, నా మొహం చూసి ఒక చెయ్యి సాయం పట్టి మడతపెట్టాడు. తర్వాత తెలిసింది, హాలు ఖాళీ చేయించేటప్పుడు ప్రెసిడెంటే తెర విప్పించి ఇచ్చేశాడట, పాత గుడ్డ కదా అని. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఇక్కడ అత్తల చీరలు, అమ్మల చీరలు, అన్నీ కలిపి దానం చేశాడు. ఆ వేళ నాకు కలిగిన కోపం లాంటిది అంతకు ముందెప్పుడూ కలగలేదు. ఇంటికి తెచ్చి పెరట్లో నేనూ మా అమ్మాయీ ఉతికాం. ఒక అంచున సిమెంటు గట్టిపడి రాయి అయిపోయింది, ఎంత రుద్దినా వదల్లేదు. మా అమ్మాయి ఆ గులాబీ మేర చేత్తో తడుముతూ, "నానీ కా హై నా?" అంది. అవును, అమ్మమ్మదే అన్నాను. ఇంకో దోసెడు నీళ్ళు పోసి రుద్దింది. తర్వాత, "తో అబ్ క్యా కరేంగే, మమ్మీ?" అంది.

ఏం చేస్తాం? ఆదివారం వచ్చేసరికి ఆ తెర తీసుకెళ్ళి తాళం వేసిన గేటుకి అడ్డంగా కట్టాం. ఫోన్లు చేశాం, చర్చిలో చెప్పాం, రైల్వే కాలనీలో ఇంటింటికీ తిరిగాం. ఒక్కటే మాట చెప్పాం: "హాలు దగ్గర నాటకం ఉంది, కుర్చీ తెచ్చుకోండి." తెచ్చుకున్నారు. రోడ్డు మీద ప్లాస్టిక్ కుర్చీలు, మడత కుర్చీలు, పీటలు, చాపలు. టాటానగర్ స్టేషన్ దగ్గర ఇడ్లీలు అమ్మే మామ్మ ముందు వరసలో పీట వేసుకుంది. ఆవిడ భర్త పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా పనిచేస్తూ పోయాడు, ఆ హాలు ఇటుకలు మోసినవాళ్ళలో ఆయనా ఒకడు.

మా అమ్మాయి పద్యం ఎత్తుకుందో లేదో ప్రెసిడెంటు కారు దిగాడు.

"ఏటిది టీచరమ్మా, రోడ్డు మీద? పరువు తీసేత్తన్నారు గదా!"

"లోపల చెయ్యనియ్యరు గదండీ," అన్నాను. "తాళం తియ్యండి, లోపలే చేత్తాం."

అందరూ నవ్వారు. ఆ నవ్వుకి ఆయనకి రోషం వచ్చింది. గొంతు పెంచాడు. "మా హాలు మేం అమ్ముకుంటాం, మీకేటి నొప్పి?"

మామ్మ పీట మీంచి లేచింది. లేవడానికి ఆవిడకి కాస్త సమయం పట్టింది, అందరూ ఆగారు.

"ఏటి బావూ, ఏటన్నావు?"

ఆయన కారు వైపు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మా హాలా? మీ నాయన ఎప్పుడైనా ఆ మాట అన్నాడేటి? మన హాలు, రండొరే, మన హాలు కట్టుకుందాం అని ఇంటింటికీ తిరిగి పిలిసినాడు. ఆ మాట ఇనీసే మా ఆయన డూటీ నుంచి వచ్చి ఇటికలు మోసినాడు. ఇప్పుడు నువ్వు 'మా' అంతన్నావు. అంటే మేం ఎవులం బావూ? అవతలోలమా?"

"నోరు జారింది మామ్మా..."

"జారనేదు. నోట్లో ఉన్నదే వచ్చింది," అని మళ్ళీ కూర్చుంది.

ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు. హిందీలో మాట్లాడి ఉంటే తప్పించుకునేవాడు. హిందీలో 'హమారా' ఒక్కటే, అందులో ఎవరున్నారో, ఎవరు లేరో ఎవరూ అడగలేరు. తెలుగులో ఆ వీలు లేదు. 'మా' అన్నామంటే ఎదుటివాడు బయట, 'మన' అన్నామంటే లోపల. జీవితమంతా తెలుగు మాట్లాడి, ఈ సంగతి నాకు మామ్మ చెప్పాకే తట్టింది.

గేటు ఎదురుగా కూరగాయలమ్మే ఆమె బీహార్ వైపు మనిషి. ఏం గొడవని అడిగితే చెప్పాను. "దోనో మే ఫరక్ క్యా హై?" అంది. 'మా'కీ 'మన'కీ తేడా ఎంత చెప్పినా ఆమెకి అర్థం కాలేదు. పక్కనే నిలబడ్డ సంతాలీ ఆదివాసీల డోలు బృందం పెద్దకి మాత్రం వెంటనే అర్థమైంది. వానాకాలంలో వాళ్ళ సాధన కూడా ఆ హాల్లోనే జరిగేది. "మా భాషలోనూ ఉంది" అని హిందీలో ఆమెకి చెప్పాడు. "'ఆలే' అంటే నువ్వు బయట. 'ఆబో' అంటే నువ్వు కూడా." అప్పుడు ఆమె తల ఊపి, "తో ఆబో బోలో నా," అని తన గంప జరిపి మాకు చోటిచ్చింది. తెలుగు మాట ఆమెకి సంతాలీలో అర్థమైంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం గేటు ముందే నాటకం. 'మా కాదు, మన' అని అట్టల మీద రాసి పట్టుకున్నాం. దానికింద సంతాలీవాళ్ళు 'ఆలే కాదు, ఆబో' అని వాళ్ళ లిపిలో రాశారు. వాళ్ళ డోళ్ళు, మా హార్మోనియం. ఒకసారి పోలీసు జీపు వచ్చింది, రాకపోకలకి అడ్డం అన్నారు. మేం రోడ్డు వదిలి గోడవారగా కూర్చున్నాం. మానలేదు. వాన వస్తే గొడుగులు వేసుకుని చూసేవారు. నాటకం జరిగే గేటు ముందు ఏసీ పెళ్ళిహాలు ఎవరు కడతారు? రెండు నెలలు తిరక్కుండానే కొనేవాడు "ముఝే ఝంఝట్ నహీ చాహియే", ఈ తలనొప్పి నాకొద్దు అని తప్పుకున్నాడట. ఆ వార్త విన్నరోజు మేం గంతులు వేయలేదు. ఇవాళ వీడు పోతే రేపు ఇంకొకడు వస్తాడు, ప్రెసిడెంటు చేతిలో తాళంచెవి ఉన్నంతకాలం అంతే.

అప్పుడే మా అమ్మాయి అంది, సహకార సంఘం పెడదామని. వాళ్ళ కాలేజీలో చదివిందట. హాలు అందరి వాటాతో ఉండాలి, ఎవరు ఎన్ని వాటాలు తీసుకున్నా మనిషికి ఒక్క ఓటే ఉండాలి, అప్పుడు ఏ ఒక్కడూ అమ్మలేడు. నియమాలన్నీ తనే హిందీలో రాసింది, నేను హిందీలో రాసిన అర్జీ చూసి నవ్వింది కూడా. కాగితాలు పట్టుకుని సహకార శాఖ ఆఫీసుకి వెళ్తే అక్కడి గుమాస్తా తలెత్తకుండానే, "నాటక్ కా క్యా బిజినెస్? మునాఫా క్యా హోగా?" అన్నాడు. లాభమేమిటట! పెళ్ళి భోజనాల హాలైతే ఈ ప్రశ్న అడుగుతాడా? పిల్లల నోట్లో భాష మిగలడం ఏ లెక్కలో రాసుకుంటారయ్యా అని అరవబోయాను. మా అమ్మాయి నా మోచెయ్యి నొక్కి, హాలుని డాన్సు క్లాసులకీ, సంగీతానికీ, మీటింగులకీ అద్దెకిస్తాం అని మెత్తగా చెప్పింది. అయినా వాడు మమ్మల్ని ఎన్నిసార్లు తిప్పాడో! ఒకరోజు ఫోటో చిన్నదైంది, ఒకరోజు సంతకం పక్కకి పోయింది, ఒకరోజు సాహెబ్ లంచ్‌కి వెళ్ళాడు. ఆ లంచ్ ఇప్పటికీ అయిందో లేదో.

వాటాల దగ్గరికొచ్చేసరికి మాలో మాకే చిచ్చు రేగింది. కూరగాయలమ్మే ఆమె ఒక వాటా అడిగింది. సంతాలీ బృందం అడిగింది. మా పెద్దలు కొందరు మొహం చిట్లించారు. "తెలుగోల హాల్లో ఆలకేటి పని? రేపు మనల్నే గెంటీగలరు" అన్నాడొక రిటైర్డ్ గార్డు. నాకు కోపం ముంచుకొచ్చింది. వానలో మనతో పాటు కూర్చున్నది ఎవరు? తాళం వేసింది ఎవరు, తెలుగువాడు కాదా? "ప్రెసిడెంటుని తిట్టినాం గదా 'మా' అన్నాడని. ఇప్పుడు మీరంతన్నది ఏటండీ మరి?" అన్నాను. వాటాలు అందరికీ ఇవ్వాలని తేలింది.

చివరికి మా అర్జీ మీద పై ఆఫీసు నుంచి, పాత సంఘం సభ్యులందరితో మీటింగు పెట్టి తీరాలని ఉత్తర్వు వచ్చింది. ప్రెసిడెంటుకి తప్పలేదు. ఇంతమంది ఎదురుగా ఆయన తాళం తీయడం చూడాలని ఎప్పట్నుంచో అనుకున్నాను, చూశాను. హాలు కొత్త సహకార సంఘానికి అప్పగించాలా వద్దా అని అడిగితే చేతులు లేచాయి. ఇంట్లో కూర్చుని సంతకాలు పెట్టిన ఆ నలుగురే అందరికన్నా ముందు ఎత్తారు. వాళ్ళని చూస్తే నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది.

కప్పు రేకులు మార్చడానికి రైల్వేలో రిటైరైన ఫిట్టర్లు వచ్చారు. వైరింగ్ అగ్రికో కుర్రాళ్ళు చేశారు. తెర మళ్ళీ కుట్టాం. సిమెంటు పట్టిన అంచు కత్తిరించేద్దామన్నారు, నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు తెర దించినప్పుడల్లా ఆ అంచు స్టేజీకి తగిలి టక్కుమంటుంది. ఆ చప్పుడు వినపడగానే జనం మాటలు ఆపుతారు.

మళ్ళీ తెరిచిన రోజున గుమ్మం పక్కన బల్ల వేసుకుని నేనూ మా అమ్మాయీ వాటాలు రాస్తున్నాం. మనుషులు కుర్చీలు మోసుకుంటూ లోపలికి వెళ్తున్నారు. వరసలో ప్రెసిడెంటు కనిపించాడు. ఇస్త్రీ చొక్కా, ఖాళీ చేతులు. బల్ల దగ్గరికొచ్చి, "నాకూ ఓ వాటా రాయండి టీచరమ్మా" అన్నాడు.

పెన్ను కింద పెట్టాను.

"మీకు నేదండీ," అన్నాను. "మా అమ్మ చీర సిమెంటు మూటల మీద కప్పినోలకి ఈ హాల్లో వాటా నేదు."

ఆయన తల దించుకున్నాడు. నేను ఆ మాట అనడానికి ఎన్ని నెలలు ఆగానో నాకు తెలుసు. నా న్యాయం నాకు కనపడుతోంది. ఆయన వెనక్కి తిరగబోయాడు.

"అమ్మా," అంది మా అమ్మాయి.

ఇంట్లో ఎప్పుడూ మమ్మీ అనే పిల్ల. నేను తిరిగి చూశాను.

"'మన' అని అట్టల మీద రాసినాం గదా. ఇప్పుడు ఈయన్ని తీసేత్తే అది మళ్ళీ 'మా' అయిపోద్ది."

పద్యం కాదు, ఎవరూ రాసిచ్చిన డైలాగు కాదు. స్టేజీ కింద, బల్ల దగ్గర, తన సొంత మాట, మా అమ్మ యాసలో. నాకు ఏడుపొచ్చింది. కోపం మాత్రం పోలేదు, చెబుతున్నాను. ఇప్పటికీ పోలేదు. ఆయన ఎదురైతే నమస్కారం పెడతాను గానీ నవ్వను. ఎవరైనా క్షమించావా అని అడిగితే లేదనే చెబుతాను. కానీ పెన్ను తీసుకుని, పళ్ళు బిగించి, ఆయనకి వాటా రాశాను. ఒక మనిషి, ఒక ఓటు.

ఆయన కాగితం జేబులో పెట్టుకుని లోపలికి తొంగి చూశాడు. అందరూ ఎవరి కుర్చీల్లో వాళ్ళు సర్దుకుంటున్నారు. ఇన్నేళ్ళూ స్టేజీ మీద మైకు పక్కన కూర్చున్న మనిషికి కింద ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. మళ్ళీ నా దగ్గరికొచ్చాడు.

"కుర్చీ ఏదైనా..."

"ఇంటినుంచి తెచ్చుకోవాలండీ," అన్నాను. "మన హాలు గదా."